గీతకు ఈవల నిలిచిన బాలుడు: అవధాన లోప నిర్ధారణ చరిత్ర

ఉన్నత పాఠశాలలో పనిచేయు ఉపాధ్యాయులకు ఇట్టి బాలుడు తెలియనివాడు కాడు. వాడు మందబుద్ధి కాడు. నోటితో అడిగినచో చక్కగా జవాబు చెప్పును. కాని వ్రాతపనిని సగములో విడుచును. కూడిక గుర్తును తీసివేతగా చదువును. కలమో, పుస్తకమో, అన్నపు డబ్బాయో వారమునకొకటి పోగొట్టుకొనును. ప్రశ్న పూర్తి కాకమునుపే జవాబు చెప్పును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠశాలలలో గాని, ఆ చుట్టుపట్ల పల్లెలలో గాని ఇట్టి పిల్లలు ఒకరైనను లేని తరగతి అరుదు. తలిదండ్రులు వానిని కడపకో, తిరుపతికో, బెంగుళూరుకో తీసికొనిపోయి మనోవైద్యునికి చూపించుదురు. కొందరి చేతికి వచ్చు చీటీలో ఒక చిక్కైన మాట ఉండును: అవధాన లోప లక్షణములు కలవు గాని, అవి పూర్తి ప్రమాణములకు సరిపోవుట లేదు.

ఈ మాటను ఇంటివారు రెండు విధములుగా అర్థము చేసికొందురు. కొందరు, జబ్బు లేదని డాక్టరే చెప్పినాడు గనుక ఇది వట్టి సోమరితనమని తలచి బెత్తము తీయుదురు. మరికొందరు, జబ్బు ఉన్నది గాని దానికి పేరు కూడ దొరకలేదని భయపడుదురు. రెండును పొరపాటే. ఆ వాక్యమునకు సరియైన అర్థము తెలియవలెనన్న, అందులోని ‘పూర్తి ప్రమాణములు’ ఎవరు ఏర్పరచిరి, ఎప్పుడు ఏర్పరచిరి, ఎన్నిసార్లు మార్చిరి అను చరిత్ర తెలియవలెను.

అవధానమను మాట

అవధానమనగా మనస్సును ఒకచోట నిలుపుట. ఈ మాటను గూర్చి ప్రొద్దుటూరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. ‘రాణాప్రతాపసింహ చరిత్ర’ను రచించిన దుర్భాక రాజశేఖర శతావధాని, ‘శ్రీ శివభారతము’ను రచించిన గడియారము వేంకటశేషశాస్త్రి ఆ ఊరనే ఉండి, జంటగా అవధానములు చేసిరి. వారి తరువాత సి.వి. సుబ్బన్న శతావధాని ఆ విద్యను కొనసాగించిరి.

అష్టావధానములో ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు అడుగడుగునను అక్షరమును నిషేధింతురు. ఒకరు గంట కొట్టుచుందురు; ఎన్ని కొట్టినదీ లెక్క తప్పరాదు. అప్రస్తుత ప్రసంగము చేయువారి పనియే అవధాని ధ్యానమును చెదరగొట్టుట. తుదకు అవధాని పద్యములన్నిటిని ధారణ చేసి వరుసగా అప్పగించవలెను. ఒక్క అవధానమను పేరు క్రింద ఎన్ని వేరువేరు శక్తులున్నవో ఇందు స్పష్టమగును: ఒక విషయముపై నిలకడ, అడ్డు తగులు దానిని త్రోసిపుచ్చుట, ఒకదానినుండి మరొకదానికి మరలుట, విన్నదానిని కొంతసేపు మనస్సులో పట్టియుంచుట, నోటికి వచ్చినదానిని వెంటనే అనక ఆపుకొనుట. ఆధునిక మనశ్శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో విడివిడిగా కొలుచునవి ఇంచుమించు ఈ శక్తులనే.

ఈ శక్తులు అందరికిని సమానముగా ఉండవు. శతావధానికిని సామాన్యునికిని నడుమ ఎంత దూరమున్నదో, సామాన్యునికిని తరగతిలో ఐదు నిమిషములు కుదురుగా కూర్చుండలేని బాలునికిని నడుమ అట్లే దూరము గలదు. ఈ వరుసలో ఎచ్చట గీత గీసి, ఇంతకు లోపల రోగమని చెప్పవలెను? గత రెండువందల యేబది సంవత్సరములలో వైద్యులు పలువిధములుగా చెప్పిన జవాబులే ఈ నిర్ధారణ యొక్క చరిత్ర.

తొలి పరిశీలకులు

జర్మనీ దేశపు వైద్యుడు మెల్కియార్ ఆడమ్ వైకార్డ్ 1775లో ప్రచురించిన గ్రంథములో అవధాన లోపమును గూర్చి ఒక అధ్యాయము వ్రాసెను. అట్టివారు దేనిని గాని పైపైన చూచి విడుతురని, చిన్న సవ్వడికే వారి మనస్సు చెదరునని గుర్తించెను. ఆయన చెప్పిన చికిత్సలలో పుల్లని పాలు, చన్నీటి స్నానము, గుఱ్ఱపు స్వారి ఉన్నవి. నేడు వానిని ఎవ్వరును వాడరు గాని, ఆయన వర్ణించిన మనుష్యుని నేటి ఉపాధ్యాయుడు వెంటనే గుర్తుపట్టగలడు.

1798లో స్కాట్లాండు దేశస్థుడైన అలెగ్జాండర్ క్రైటన్ ఇంకను లోతుగా పరిశీలించెను. అవధానశక్తి మనిషికిని మనిషికిని భేదించుననియు, ఒకే మనిషిలో సైతము వేళను బట్టి మారుననియు ఆయన వ్రాసెను. పుట్టుకతో వచ్చిన చాంచల్యము చదువునకు అడ్డము వచ్చుననియు, అయినను చదువు బొత్తిగా సాగకుండునంత తీవ్రముగా ఉండుట అరుదనియు, వయస్సుతోపాటు అది సామాన్యముగా తగ్గుననియు ఆయన అభిప్రాయము. క్రైటన్ ఉన్నది, లేదు అని రెండు ముక్కలుగా చెప్పక, హెచ్చుతగ్గుల భాషలో మాటలాడెనని గమనింపవలెను.

1845లో ఫ్రాంక్‌ఫర్టు నగర వైద్యుడు హైన్రిఖ్ హాఫ్‌మన్ పిల్లల కొఱకు బొమ్మల పుస్తకము ప్రచురించెను. దాని తరువాతి కూర్పులో భోజనపు బల్లయొద్ద కుదురుగా కూర్చుండలేక కుర్చీనూపి, బల్లగుడ్డతో సహా క్రింద పడిన ఫిలిప్ అను బాలుని కథ కలదు. అది వైద్యగ్రంథము కాదు. కాని ఆ కాలపు ఇండ్లలో అట్టి పిల్లలుండిరనుటకు అది సాక్ష్యము.

వైద్యసభలో ఈ విషయము వివరముగా చర్చకు వచ్చినది 1902 మార్చి నెలలో. లండనులోని రాజకీయ వైద్య కళాశాలలో జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అను శిశువైద్యుడు మూడు ఉపన్యాసములిచ్చి, 43 మంది పిల్లలను గూర్చి తెలిపెను. వారిలో కొందరికి తెలివికి లోపము లేదు. అయినను తమను తాము అదుపు చేసికొనలేకుండిరి. ఆయన దానిని నైతిక నిగ్రహ లోపమని పిలిచెను. పెంపకము చక్కగా ఉన్న ఇండ్లలోను ఇట్టి పిల్లలుండిరని చెప్పుట ఆయన చేసిన మేలు. ‘నైతిక’మను మాటను వాడుటచే, బాలుడు చెడ్డవాడను భావమునకు చోటిచ్చుట ఆయన వలన కలిగిన కీడు. బెత్తము పట్టిన చేతులలో ఆ భావము నేటికిని చావలేదు.

మెదడు గాయమను ఊహ

1917 ప్రాంతమున ఐరోపాలో మెదడువాపు జబ్బొకటి బయలుదేరి పలుదేశములకు వ్యాపించెను. దానినుండి బ్రతికి బయటపడిన పిల్లలలో పెక్కురు విపరీతమైన చాంచల్యమును, అదుపులేని ప్రవర్తనను చూపిరి. మెదడు దెబ్బతిన్నచో ఇట్టి లక్షణములు రాగలవని దీనివలన తెలిసెను. ఇంతవరకు సరియే. కాని తరువాతి పరిశోధకులు కొందరు ఈ తర్కమును తలక్రిందులు చేసిరి. చాంచల్యము కనబడినచో మెదడునకు ఎక్కడనో దెబ్బ తగిలియే ఉండునని, అది కంటికి కనబడకున్నను ఉన్నట్లే భావింపవలెనని చెప్పిరి. 1940, 1950 దశకములలో ‘స్వల్ప మస్తిష్క గాయము’ అను పేరు వాడుకలోనికి వచ్చినది ఇట్లే. 1962లో ఆక్స్‌ఫర్డులో సమావేశమైన నిపుణులు, గాయమునకు నిదర్శనము లేనపుడు గాయమనుట తగదని, ‘స్వల్ప మస్తిష్క క్రియాలోపము’ అనవలెనని సూచించిరి. నిదర్శనము లేక పేరు పెట్టరాదను నియమమునకు ఈ మార్పు మంచి ఉదాహరణము.

ఈ నడుమనే, 1937లో, అమెరికాలోని రోడ్ ఐలండు రాష్ట్రములో చార్లెస్ బ్రాడ్లీ అను వైద్యుడు తన ఆసుపత్రిలోని 30 మంది పిల్లలకు బెంజెడ్రిన్ అను ఉత్తేజక ఔషధమునిచ్చెను. ఉత్తేజకమిచ్చినచో చంచలులు మరింత చంచలులు కావలెను గదా! కాని వారిలో సగముమంది చదువునందు స్పష్టమైన అభివృద్ధిని చూపిరి. 1944లో స్విట్జర్లాండు రసాయనవేత్త లియాండ్రో పానిజోన్ మిథైల్‌ఫెనిడేట్ అను మందును తయారు చేసెను. నేటికిని ఈ రుగ్మతకు ప్రధానముగా వాడుచున్న ఔషధములలో అది యొకటి. మందు ఉన్నప్పుడు, అది ఎవరికి ఇయ్యవలెను, ఎవరికి ఇయ్యరాదు అను ప్రశ్న తప్పదు. గీత కచ్చితముగా ఉండవలెనను కోరిక బలపడుటకు ఇదియు నొక కారణము.

లెక్కింపు ఆరంభమగుట

అమెరికా మనోవైద్య సంఘము మానసిక రుగ్మతల నిర్ధారణకై ఒక గ్రంథమును ప్రచురించుచుండును. దాని 1968 నాటి కూర్పులో ‘బాల్యపు అతిచాంచల్య ప్రతిక్రియ’ అను పేరున ఈ రుగ్మతకు రెండు వాక్యముల వర్ణన మాత్రమే ఉండెను. 1972లో కెనడా మనశ్శాస్త్రవేత్త వర్జీనియా డగ్లస్, ఈ పిల్లల అసలు చిక్కు కదలికలలో గాక అవధానపు నిలకడలోను నిగ్రహములోను ఉన్నదని వాదించెను. ఆ వాదము ఫలించి, 1980 కూర్పులో రుగ్మత పేరే అవధాన లోపముగా మారెను. అవధాన లోపము, తొందరపాటు, అతిచాంచల్యము అను మూడు పట్టికలు ఏర్పడి, ఒక్కొక్కదానిలో ఇన్ని లక్షణములుండవలెనను లెక్క మొదలయ్యెను.

అటుపిమ్మట లెక్కలు త్వరగా మారినవి. 1987లో మూడు పట్టికలను ఒక్కటిగా కలిపి, 14 లక్షణములలో 8 ఉన్నచో చాలుననిరి. 1994లో మరల విడదీసి, అవధాన లోపమునకు 9, చాంచల్యము తొందరపాటులకు కలిపి 9 లక్షణములు చెప్పి, ఏదో ఒక పట్టికలో 6 ఉండవలెననిరి. అవి ఆరు నెలలు నిలువవలెను. కొన్నియైనను 7 సంవత్సరముల వయస్సునకు ముందే కనబడియుండవలెను. బడి, ఇల్లు వంటి రెండు చోట్ల ఇబ్బంది పెట్టవలెను. 2013 కూర్పులో 7 సంవత్సరములను 12కు పెంచిరి. 17 సంవత్సరములు నిండినవారికి 6 లక్షణములకు బదులు 5 చాలుననిరి.

ఈ 6 అను సంఖ్య ఎచ్చటినుండి వచ్చినది? రక్తములో చక్కెర కొలిచినట్లు కొలిచి తెచ్చినది కాదు. 1994 కూర్పునకు ముందు, చికిత్సాలయములకు వచ్చిన 4 నుండి 17 సంవత్సరముల వయస్సు గల 380 మందిని పరిశీలించిరి. ఎన్ని లక్షణములున్నపుడు బడిలోను ఇంటిలోను ఇబ్బంది స్పష్టముగా పెరుగుచున్నది, ఎన్నింటివద్ద వైద్యుల అభిప్రాయములు చక్కగా కలియుచున్నవి అని చూచి గీతను అచ్చట ఉంచిరి. అది ఆలోచనతో గీసిన గీతయే, గాలివాటుగా గీసినది కాదు. కాని అది మనుష్యులు ఉపయోగము కొఱకు గీసినది. ఐదింటికిని ఆరింటికిని నడుమ ప్రకృతి గోడ కట్టలేదు.

దీని ఫలితమును చిన్న ఉదాహరణముతో చూడవచ్చును. ఒక బాలునికి అవధాన పట్టికలో 5, చాంచల్య పట్టికలో 4 లక్షణములు ఉన్నవనుకొనుడు. రెండింటిని కలిపి లెక్కించిన 1987 నాటి పద్ధతిలో అట్టివాడు గీతను దాటియుండుటకు అవకాశము కలదు. 1994 పద్ధతిలో ఏ పట్టికలోను 6 లేవు గనుక దాటడు. మరొకనికి లక్షణములు 9వ ఏట మొదలైనవనుకొనుడు. వానికి 1994 నియమము వర్తింపదు, 2013 నియమము వర్తించును. ఐదు లక్షణములు గల విద్యార్థి 16వ ఏట గీతకు ఈవల ఉండి, 17వ పుట్టినరోజు నాటికి ఆవల చేరును. వీరిలో ఎవరి మెదడును రాత్రికి రాత్రి మారలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక వేరు దారిన నడచెను. 1992లో వెలువడిన దాని పదవ కూర్పు, అవధాన లోపము, అతిచాంచల్యము రెండును ఉండవలెనని కోరెను. అందుచే దాని గీత మరింత ఇరుకైనది. 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన పదునొకండవ కూర్పు లక్షణముల వర్ణనతో సరిపెట్టి, ఇన్ని ఉండవలెనని కచ్చితమైన సంఖ్య చెప్పలేదు.

మిగిలినవారికి పేరు

గీత గీసినవారికి దానికి ఈవల మిగులు పిల్లల సంగతి తెలియకపోలేదు. 1994 కూర్పులోనే ‘వేరుగా నిర్దేశింపని’ అవధాన లోపమను తరగతి యుండెను. 2013లో దానిని రెండుగా విడదీసిరి. లక్షణములు ఉండి, అవి బాలుని చదువును, నడవడిని నిజముగా ఇబ్బంది పెట్టుచు, పూర్తి ప్రమాణములకు మాత్రము చాలనిచో వైద్యుడు ‘ఇతర నిర్దిష్ట’ అవధాన లోపమని వ్రాసి, ఏ ప్రమాణము చాలలేదో తెలుపవచ్చును. కారణమును తెలుపదలపనపుడు, లేదా తెలుపుటకు తగిన సమాచారము లేనపుడు ‘అనిర్దిష్ట’మని వ్రాయవచ్చును. కనుక ‘పూర్తి ప్రమాణములు చాలలేదు’ అనుట రోగము లేదను తీర్పు కాదు. ఇబ్బంది యున్నచో అదియు ఒక నిర్ధారణయే.

ఇట్టి పిల్లలు ఎందరు? 2014లో వెలువడిన ఒక సమీక్ష, వేరువేరు పరిశోధనలలో ఈ లెక్క నూటికి 0.8 నుండి 23.1 వరకు ఉన్నదని చూపెను. ఇంత తేడా వచ్చుటకు కారణము పిల్లలు గాక, ‘కొంచెము తక్కువ’ అనుటకు ఒక్కొక్క పరిశోధకుడు ఒక్కొక్క అర్థము చెప్పికొనుటయే. అయినను ఈ పిల్లలకు చదువునందును, స్నేహములందును ఇతరులకంటె ఎక్కువ చిక్కులున్నవను విషయములో పరిశోధనలు చాలవరకు ఏకీభవించుచున్నవి.

గీతకు ఇరువైపులను ఒకే వస్తువు ఉన్నదనుటకు జీవశాస్త్రము కూడ సాక్ష్యమిచ్చుచున్నది. కవల పిల్లలపై జరిగిన పరిశోధనలవలన, ఈ లక్షణములలో మనిషికిని మనిషికిని గల భేదమునకు నూటికి 70 నుండి 80 పాళ్లు వంశానుగత కారణములని తేలినది. 2019లో ప్రచురింపబడిన గొప్ప పరిశోధనలో 20,000 మందికి పైగా రోగుల జన్యువులను పరీక్షించి, ఈ రుగ్మతతో సంబంధము గల 12 స్థానములను గుర్తించిరి. రోగులలో కనబడు జన్యు ప్రభావములకును, సాధారణ జనులలో అవధానపు హెచ్చుతగ్గులకు కారణమగు ప్రభావములకును మిక్కిలి పోలిక యున్నదని కూడ చూపిరి. 2007లో ఫిలిప్ షా, ఆయన తోడివారు మెదడు చిత్రములను పరిశీలించి, సామాన్య పిల్లలలో 7.5 సంవత్సరముల ప్రాంతమున జరుగు మస్తిష్క వల్కలపు ఎదుగుదల ఈ రుగ్మత గలవారిలో 10.5 సంవత్సరముల ప్రాంతమున జరుగుచున్నదని కనుగొనిరి. 2011లో వారే, రోగము లేని పిల్లలలో సైతము చాంచల్య లక్షణములు ఎక్కువగా ఉన్నవారికి వల్కలపు మార్పు నెమ్మదిగా సాగుచున్నదని చూపిరి. అనగా ఇది మెట్టు కాదు, వాలు.

ప్రొద్దుటూరు బంగారు వ్యాపారమునకు పేరుపొందినది. అచ్చటి అంగడిలో ఒక నగను పరీక్షించి, వేయింటికి 916 పాళ్లున్నచో 22 క్యారెట్లనియు, 833 పాళ్లున్నచో 20 క్యారెట్లనియు చెప్పుదురు. 22కు తగ్గినంత మాత్రమున దానిని ఇత్తడి యని ఎవ్వరును పారవేయరు. అట్లని దానికి 22 క్యారెట్ల ముద్రయు వేయరు. అవధాన లోపము విషయములో నేర్వవలసినది ఇంతవరకే. బంగారములో కొలువవలసినది ఒక్కటే. దానిని యంత్రము కొలుచును. బాలుని అవధానమును నేటికిని ఏ రక్తపరీక్షయు, ఏ మెదడు చిత్రమును కొలిచి నిర్ధారింపలేదు. తల్లి చెప్పినది, గురువు చెప్పినది, వైద్యుడు చూచినది – ఇవియే అచ్చటి గీటురాయి.

గీత ఎందుకు వలెను?

ఇదంతయు వాలే యైనచో గీతయే అక్కరలేదని తోచవచ్చును. అది సరి కాదు. గీత లేనిచో అల్లరి చేయు ప్రతి పిల్లవాడును రోగి యగును. మందులు అక్కరలేనివారికి చేరును. ఈ భయము ఊహ కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రములో బడిలో చేర్చు వయస్సును డిసెంబరు 31 నాటికి లెక్కింతురు. 2012లో ప్రచురించిన పరిశోధనలో, డిసెంబరులో పుట్టి తరగతిలో అందరికంటె చిన్నవారైన బాలురకు, జనవరిలో పుట్టినవారికంటె ఈ రుగ్మత నూటికి 30 పాళ్లు ఎక్కువగా నిర్ధారింపబడినదని తేలెను. బాలికలలో ఈ హెచ్చు 70 పాళ్లు. పదునొకండు నెలల చిన్నతనమును రోగముగా పొరబడిరన్నమాట. పల్లెలలో పుట్టిన తేదీని బడిలో అంచనాగా వ్రాయించు అలవాటు చాలకాలముండెను. అట్టి తేదీ గల బాలునితో వ్యవహరించునపుడు, తోటివారితో పోల్చి వాని నిలకడను తూచుటకు ముందు వాని నిజమైన వయస్సెంతో విచారింపవలెను.

కడప జిల్లాలో ఈ గీత

భారతదేశమున 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద సంచార వైద్యబృందములు ప్రభుత్వ పాఠశాలల పిల్లలను సంవత్సరమునకొకసారి పరీక్షింపవలెను. ఆ కార్యక్రమము చేపట్టిన 30 ఆరోగ్య సమస్యల జాబితాలో అవధాన లోపము కూడ ఉన్నది. 2018లో వెలువడిన ఒక అఖిలభారత పరిశోధనకు ఎన్నుకొన్న ఐదు స్థలములలో హైదరాబాదు ఒకటి. అవధాన లోపముతో సహా తొమ్మిది రకముల నాడీవికాస లోపములలో ఏదో ఒకటి, 6 నుండి 9 సంవత్సరముల పిల్లలలో నూటికి 13.6 మందికి ఉన్నదని ఆ పరిశోధకులు అంచనా కట్టిరి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొన్నది. వానిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యము ఉన్నది గాని అవధాన లోపము పేరుతో లేదు. అందుచేత పూర్తి నిర్ధారణ పొందిన బాలునికే, ఆ పేరు మాత్రముచే ఈ చట్టము వలన మేలు కలుగుట కష్టము; గీతకు ఈవల ఉన్నవాని సంగతి చెప్పనక్కరలేదు. వానికి మిగిలిన దిక్కు ఉపాధ్యాయుడే.

ఇచ్చటి పిల్లలలో కొందరు గీతను దాటకపోవుటకు లక్షణములు తక్కువగుట గాక, సాక్ష్యము తక్కువగుట కారణము కావచ్చును. తండ్రి కువైటులో ఉండును. తల్లి కూలికి పోవును. వైద్యుని యొద్దకు వెంట వచ్చినది అవ్వ. బాలుడు ఐదవ తరగతిలో ఎట్లుండెనని అడిగినచో ఆమె ఏమి చెప్పగలదు? సంక్షేమ వసతి గృహములో చదువు బాలుని ఇంటివారు సెలవులలో మాత్రమే చూతురు. రెండుచోట్ల ఇబ్బంది ఉన్నదని చూపుట వారి వలన కాదు. ఇక బాలికలలో పెక్కురు అల్లరి చేయరు. వెనుక వరుసలో కిటికీవైపు చూచుచు కూర్చుండిన పులివెందుల బాలికను గూర్చి ఎవ్వరును ఫిర్యాదు చేయరు గనుక, ఆమె పేరు ఏ పట్టికకును ఎక్కదు.

దీనికి ఎదురుగా, గీతను దాటినట్లు కనబడినను రోగము కానివియు కలవు. నల్లబల్ల కనబడనివాడు, చెవిలో చీముచే సరిగా వినబడనివాడు, రక్తహీనతతో నీరసించినవాడు, రాత్రి చాలినంత నిద్ర లేనివాడు, ఇంటిలో కలతలచే దిగులుపడినవాడు – వీరందరును అవధానము లేనివారివలెనే కనబడుదురు. అందుచే కన్ను, చెవి, రక్తము పరీక్షింపక పేరు పెట్టుట తగదు.

పేరు చాలకున్నను సహాయము చేయవచ్చును. ముందు వరుసలో కూర్చుండబెట్టుట, పెద్ద పనిని చిన్న ముక్కలుగా ఇచ్చుట, ఒక్కసారి ఒక్క సూచననే చెప్పుట, నోటుపుస్తకమును ప్రతిదినము చూచుట, కదలుటకు నడుమ అవకాశమిచ్చుట, సరిగా చేసిన వెంటనే మెచ్చుట – వీనికి వైద్యుని చీటీ అక్కరలేదు, ఖర్చు లేదు, పొరపాటున ఇచ్చినను హాని లేదు. మందు సంగతి వేరు. దానిని నిపుణుడైన వైద్యుడే నిర్ణయింపవలెను. బెత్తము మాత్రము ఏ పట్టికలోను చికిత్సగా లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము దానిని నిషేధించినది కూడ.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు చేయగల ముఖ్యమైన పని మరొకటి కలదు. 2013 నియమము ప్రకారము లక్షణములు 12 సంవత్సరములకు ముందే కనబడియుండవలెను. బాలుడు ఆరవ తరగతిలో చేరునది పదునొకండవ ఏట. అనగా గీత ఉన్న వయస్సులోనే వాడు ఆ గురువు చేతికి వచ్చుచున్నాడు. ఆ సంవత్సరము ఒక పుస్తకములో వాని పేరు, తేదీ, చూచిన విషయము – ఎన్ని నిమిషములు పనిచేసెను, ఏమి మరచెను, ఏ పాఠములో కుదురుగా నుండెను, ఏ పాఠములో లేకుండెను – తీర్పు చెప్పక, ఉన్నదున్నట్లుగా వ్రాసియుంచినచో చాలును. నాలుగేండ్ల తరువాత, పదవ తరగతి పరీక్ష ముందర, తలిదండ్రులు వానిని వైద్యునికి చూపించునపుడు అవ్వ చెప్పలేని సమాధానము ఆ పుటలో దొరకును. గీతకు ఏ వైపున ఉన్నాడని వైద్యుడు తేల్చినను, అది సాక్ష్యమును చూచి తేల్చినది యగును.